మా ఉపవాసానికి బదిలీ అయిన తాసిల్దారు

ప్రసంగం చేసేదానికి పాస్టరే కావల్సిన పనిలేదు, గొంతుంటే చాలు. ముప్పైనాలుగేండ్లు చిత్తూరు, తిరపతి పక్క పల్లెల్లో పాస్టరుగా తిరిగి, రిటైరై ఇంట్లో కూసున్నోణ్ణి చెప్తాండా, నమ్మండి. మొన్న పాస్టరు ట్రైనింగులో ఉండే పిల్లలు కొందరు మా ఇంటికొచ్చి, "అయ్యగారూ, పరిచర్యలో అన్నిటికంటే కష్టమైంది ఏది?" అని అడిగినారు. ఉపవాసమనో, ఊరూరూ తిరిగేదనో చెప్తానని పెన్నులు పట్టుకోని కాసుకోనుండారు. "తాసిల్దారు ఆఫీసు వరండాలో ఉండే బెంచీ" అన్నాను. వాళ్లు నవ్వినారు. వంటింట్లో మా ఆవిడ రూతమ్మ మాత్రం నవ్వలా. ఆ బెంచీ మీద కూసోని కూసోని నా ప్యాంట్లు అరిగిపోతే అతుకులేసింది ఆమెనే గదా.

నేను ఏ సంఘంలో ఎన్నేండ్లు పనిచేసినానో, ఎవురు నాకు ఏ పదవి ఇచ్చినారో ఈడ రాయను. అది కావాలంటే ఆఫీసులో ఫైలుండాది, దుమ్ము దులుపుకోని చూసుకోండి. నేను రాసేది ఒక్క సంగతే. దేవుడు ఏలేవాళ్ల ద్వారా, ప్రభుత్వాల ద్వారా పనిచేస్తాడని ఇన్నేండ్లు ప్రసంగాలు చేసిన నేను, అది నా కండ్ల ముందర జరిగితే గుర్తుపట్టలేకపోయినాను. ఎంత నగుబాటైనానో చెప్తాను. మీరు నవ్వుకోండి, ఏమీ అనుకోను.

పేరు పెట్టి అడగల్ల

నాకు పని నేర్పింది ఆనందయ్య అయ్యగారు. చిత్తూరులో పెద్ద పాస్టరు, ఆయన కింద నేను రెండేండ్లు ఉన్నాను. మనిషి పొట్టి, కోపం పొడుగు. ఆదివారం ఆరాధన ముగిసే ముందర ఏలేవాళ్ల కోసం ప్రార్థన చేసేది మన సంఘాల్లో అలవాటే గదా. అందురూ "అధికారులందరినీ దీవించు తండ్రీ" అని ఒక్క మాటతో కానిచ్చేస్తారు. ఆయన ఒప్పుకొనేవాడు కాదు. ఢిల్లీలో పైనుండే ఆయన మొదలుకోని కలెక్టరు, తాసిల్దారు, వీఆర్వో, చివరాఖరికి కరెంటు లైన్‌మన్ దాకా పేరు పెట్టి అడగల్ల.

"లైన్‌మన్ కూడా అధికారేనా అయ్యగారూ?" అని ఒకసారి నోరు జారినాను.

"ఎండాకాలం మద్దేనం కరెంటు పోతే ఎవుర్ని తలుసుకుంటావురా?"

"లైన్‌మన్‌నే."

"ఏమని తలుసుకుంటావు?"

చర్చిలో నిలబడి చెప్పే మాటలు కావవి.

"అందుకే. ఆదివారం పేరు పెట్టి దీవించినోణ్ణి సోమవారం తిట్టాలంటే నోరు రాదు" అన్నాడు.

నేను విన్న వేదాంతాలన్నిటిలోకీ పనికొచ్చిన వేదాంతం ఇదే. ప్రార్థన చేస్తే లైన్‌మన్ మారతాడో లేదో నేను చెప్పలేను గానీ, నా నోరు మాత్రం కొంచెం మారింది.

ఇంకొక మాట కూడా ఆయన చెప్పినాడు. "ఏలేవాళ్లంతా దేవుడి చేతిలో పనిముట్లేరా. వాళ్లకు తెలిసినా పనిచేస్తారు, తెలీకపోయినా పనిచేస్తారు. వెనకటికి చెరలో ఉన్న జనాన్ని వాళ్ల ఊర్లకు పంపించిన పారసీక రాజుకు మన దేవుడు తెలుసునా? తెలీదు. అయినా పని జరిగింది. కాకపోతే ఏది పారో ఏది గునపమో నువ్వు పేర్లు పెట్టబాకు. పట్టుకున్నాయనకు తెలుసు."

మొదటి మాట నోటుబుక్కులో రాసుకున్నాను. రెండోదానికి తలకాయ ఊపి వదిలేసినాను. వయసులో ఉన్నప్పుడు అందురూ చేసే పనే.

కేకు కోసిన ఆయన

రాళ్లకుప్పం పోవాలంటే ఏర్పేడులో బస్సు దిగి లోపలికి పోవల్ల. ఆడ మాది నలభై గడపల సంఘం. ఊర్లో మనవాళ్లకు చనిపోయినవాళ్లను పెట్టేదానికి జాగా లేదు. తాతల కాలం నుంచి వంక గట్టు మీదనే పెడతాండారు. వాన గట్టిగా కొట్టిన ఏడు వంక పొంగి, గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగి నీళ్లల్లో పడిపోతాది. ఒక తుపానుకు మార్తమ్మ అవ్వ మొగుడి సమాధి, దాని మీద సిలువతో సహా కొట్టుకోని పోయింది.

అవ్వకు అప్పటికే ఎనభై దగ్గిర పడినాయి. శెనక్కాయలు ఒలిసి ఒలిసి వేళ్లు వంకర్లు పోయినాయి గానీ నోరు మాత్రం చక్కంగా ఉండేది. నేను ఆ సంఘానికి పోయిన మొదటి వారమే నా చెయ్యి పట్టుకోనింది.

"అయ్యగారూ, నాకు సావంటే బయం లేదు. సచ్చినాక ఈదేదానికే బయం. నాకు ఈత రాదు. కదలని జాగాలో పెట్టించు నాయనా" అనింది.

నవ్వుతానే అనింది, కండ్లల్లో నీళ్లు. "పెట్టిస్తానవ్వా" అని మాట ఇచ్చేసినాను. మాట ఇచ్చేదాంట్లో మా పాస్టర్లను మించినోళ్లు లేరు.

జాగా లేక కాదు. ఊరి పక్కన పోరంబోకు, అంటే ఎవురి పేరు మీదా లేని సర్కారు నేల, ఉండాది. వంక గట్టుకు కొంచెం ఎడంగా చదునుగా ఉన్న అరెకరా చూసి, దాన్ని బరియల్ గ్రౌండుకు ఇప్పించండని అర్జీ రాసినాను. తాసిల్దారు సంతకం కావల్ల.

అప్పుడుండే తాసిల్దారు ఎంత మంచి మనిషో! పోతే కుర్చీ వేయిస్తాడు, టీ తెప్పిస్తాడు. "పాస్టరుగారూ, అది మీ హక్కు, నేను చేసి పెడతా" అంటాడు. క్రిస్మసుకు పిలిస్తే వచ్చి కేకు కోసినాడు, ప్రార్థన ముగిస్తే సంఘంలో అందురికంటే గట్టిగా ఆమెన్ చెప్పినాడు. నాకు తల తిరిగిపోయింది. మరుసటి ఆదివారమే ప్రసంగంలో చెప్పేసినాను: "ఆ పారసీక రాజును లేపిన దేవుడు మన కోసం ఈయన్ని లేపినాడు!" సంఘమంతా స్తోత్రం చెప్పినారు.

రెండేండ్లు గడిచినాయి. రెండు క్రిస్మసులకూ కేకు కోసినాడు. ఫైలు మాత్రం బీరువాలోంచి బయటికి రాలా. బదిలీ అయి పోతా పోతా నన్ను కౌగిలించుకోని, "మీ పని నా మనసులో ఉండాది పాస్టరుగారూ" అన్నాడు. మనసులో ఉంటే ఏం లాభమబ్బా, కాగితం మీద ఉండల్ల గానీ!

పిల్లలూ, ఈడ ఒక్క మాట. క్రిస్మసుకొచ్చిన ప్రతి నాయకుడికీ శాలువా కప్పి "దేవుడు పంపిన మనిషి" అనేది మానుకోండి. దేవుడు పంపినాడో ఎలక్షను పంపిందో మీకేం తెలుసు? కేకు పెట్టండి, దండం పెట్టి పంపండి, అంతే.

నవ్వని ఆయన

ఆ కుర్చీలోకి శేషాచలం గారు వచ్చినాడు. నుదుటి మీద నిలువు నామం, మోకాలి నొప్పితో ఎడమకాలు కుంటు, మొహంలో నవ్వనేది మందుకు కూడా లేదు. నెలకొక శనివారం అలిపిరి నుంచి మెట్లెక్కి కొండకు నడిచి పోతాడని అటెండరు చెప్పినాడు. ఆ మోకాలితో మెట్లెందుకబ్బా అంటే, ఏదో మొక్కంట.

మొదటిసారి నా అర్జీ చదివి, "సర్వేయరు రిపోర్టు యాడ?" అన్నాడు. అది తెచ్చేదానికి మూడు నెలలు పట్టింది. తెచ్చిస్తే, "పంచాయతీ తీర్మానం యాడ?" అన్నాడు. అదీ తెచ్చినాను. "ఆ పక్కన గొడ్లు పోయే దావ ఉండాది. గొడ్లోళ్లను అడిగినారా?" అన్నాడు. టీ లేదు, కుర్చీ లేదు. బయట బెంచీనే నా పాలికి మిగిలింది.

ఒకరోజు ఇంక తట్టుకోలేక అన్నాను, "సార్, మీ కోసం మా సంఘంలో ప్రతి ఆదివారం పేరు పెట్టి ప్రార్థన చేస్తాండాము."

ఆయన తల కూడా ఎత్తలా. "చెయ్యండి. వచ్చేటప్పుడు గ్రామం పాత మ్యాపు కూడా తెండి" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నామం పెట్టుకున్నోడు మన పని యాడ చేస్తాడులే అని మనసులో అనుకున్నాను కూడా. సిగ్గుపడతా రాస్తాండా, కానీ రాయల్ల. ఆ వారం ప్రసంగం ఐగుప్తు రాజు మీద, వాడి రాతిగుండె మీద. పేరు చెప్పలేదు గానీ ఎవురో అందురికీ అర్థమైంది. ఆ తర్వాత సంఘపెద్దలతో కూసోని, ఆయన బదిలీ కోసం శుక్రవారం శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టించినాను.

రూతమ్మ అన్నం గిన్నె మూత పెడతా అడిగింది: "ఆయన్ని ఆ కుర్చీలో దేవుడే పెట్టినాడని ఆదివారం చెప్తావు. తీసెయ్యమని శుక్రవారం అడుగుతావు. ఇంతకీ దేవుడు నీ మాట యాదినం వినల్ల?"

"నీకు వేదాంతం తెలీదు, ఊరికే ఉండు" అన్నాను.

"నాకు తెలీదులే. తెలిసినోడివి నువ్వు చెప్పు."

ఆకలేస్తాంది, అది తప్ప ఏమీ తోచలా.

ఉపవాసానికి అందురూ వచ్చినారు, మార్తమ్మ అవ్వ రాలేదు. ఎవురి కోసం ఇదంతా చేస్తాండామో ఆమే రాకపోతే ఎట్లా అని ఇంటికి పోయి అడిగినాను.

"నేను రాను అయ్యగారూ" అనింది. "ఆయప్ప మొన్న మద్దేనం ఎండలో ఒక్కడే వచ్చినాడు. కుంటుకుంటా వంక గట్టంతా తిరిగినాడు. నా అరుగు మీద కూసోని సెంబుడు నీళ్లు తాగినాడు. నా మొగుడి సమాది యాడుండేదని అడిగితే సూపించినా. నా ఇంట్లో నీళ్లు తాగినోణ్ణి పొమ్మని నేను దేవుణ్ణి ఎట్లా అడిగేది? మోకాలు శానా నొస్తాందంట పాపం. నేను దానికి అడగతాండా."

ఆ మాట విని కూడా నాకు బుద్ధి రాలా. కొర్రీలు వెతికేదానికి వచ్చుంటాడులే అనుకున్నాను. ఎండలో, కుంటికాలితో, ఎవురికీ చెప్పకుండా ఒక తాసిల్దారు వంక గట్టు మీద ఎందుకు తిరుగుతాడు? ఆ ప్రశ్న అప్పుడే నన్ను నేను అడుక్కోనుంటే ఇంత కథ లేదు.

నల్లబోర్డు

ఏడో శుక్రవారం అయిన తర్వాత కబురొచ్చింది. శేషాచలం గారిని గూడూరుకు వేసేసినారంట! నేను ఇంట్లోనే ఎగిరినాను. వచ్చే ఆదివారం ఆరాధన కాంగానే కృతజ్ఞత కూడిక అని చాటించినాను. పొంగలి, కోడికూర. చర్చి ముందర నల్లబోర్డు మీద నా చేత్తో నేనే రాసినాను, నా రాత ముత్యాల్లాగా ఉంటాదని పేరు: "కృతజ్ఞత కూడిక. అంశం: కఠినులైన అధికారులను దేవుడు తొలగించును."

ప్రసంగం మంచి ఊపులో ఉండాది. చప్పట్లు, స్తోత్రాలు. అప్పుడు బయట జీపు ఆగిన సద్దు వినపడింది. తలుపు పక్కన కూసున్నోళ్లు ఒక్కసారిగా గమ్మునైపోయినారు. నేను పోయి చూస్తే శేషాచలం గారు. చేతిలో ఫైలు. వెనకాల సర్వేయరు, జీపులో హద్దురాళ్లు. ఆయన మాత్రం చేతులు వెనక్కి కట్టుకోని నల్లబోర్డు చదువుతాండాడు. ఆఫీసులో అర్జీ చదివినట్లే, మొదటి అక్షరం నుంచి చివరి దాకా, నిదానంగా.

"ఎవుర్ని తొలగించినాడు పాస్టరుగారూ?" అన్నాడు.

భూమి చీలితే లోపలికి పోదామనిపించింది. అరచేత్తో బోర్డు తుడిచేదానికి పోయినాను, అది ఇంకా అన్యాయం అని మళ్లా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

లోపల చాప మీద నుంచి మార్తమ్మ అవ్వ చెప్పేసింది. "నిన్నే నాయనా. ఏడు శుక్రవారాలు కూడు మానేసి అడిగినారు, నేను తప్ప."

నా జన్మలో మొదటిసారి శేషాచలం గారి నవ్వు చూసినాను. మెల్లిగా మొదలై, పొట్ట పట్టుకోని నవ్వి, కండ్లు తుడుచుకున్నాడు.

"నేను మూడేండ్లు మెట్లెక్కినా పాస్టరుగారూ, ఈ బదిలీ కోసరమే! నా భార్యకు గూడూరులో ఉద్యోగం, పిల్లలు ఆడే. నేనేమో ఈడ హోటలు కూడు. మీరు శుక్రవారం అడిగినారు, నేను శనివారం అడిగినా. పైన ఎవురు ఎవురికి చెప్పినారో నాకు తెలీదు గానీ, మీకు దండం పెట్టల్ల."

పైన ఎవురనే దానికి నా దగ్గిర ఒక జవాబుండాది. పాస్టరును గదా. కానీ ఆ పూట నోరు మూసుకున్నాను, అది నేను చేసిన కొద్ది మంచి పనుల్లో ఒకటి.

ఆయన ఫైలు తెరిచి ఆర్డరు నా చేతిలో పెట్టినాడు. బదిలీ వచ్చి అప్పటికే పక్షం రోజులైందంట. ఈ పని ముగిసేదాకా రిలీవు కానని పైవాళ్లకు చెప్పుకోని ఆగినాడంట. "రేపు పోతాండా. కొత్తాయనొస్తే మళ్లీ మొదటికొస్తాది. అందుకే సెలవురోజైనా సర్వేయర్ని బతిమాలి తీసుకోనొచ్చినా" అన్నాడు.

ఆర్డరు చదివితే, నేను అడిగిన చదును కాదు. పైన ఉండే మిట్ట.

"మీరడిగింది ఒకప్పుడు వంక పారిన దావ" అన్నాడు. "పాత మ్యాపులో తెలుస్తాది, అందుకే తెమ్మనింది. గట్టు మీద తిరిగి చూసినా. తుపానొస్తే నీళ్లు ఆడికే తిరుగుతాయి. అవ్వ మొగుడు ఒకసారి కొట్టుకోని పోయినాడు, అవ్వ కూడా పోవల్లనా? మిట్ట అయితే వందేండ్లకూ నీళ్లు రావు. గొడ్ల దావ వదిలేసి కొలిపించినా, ఊరి తీర్మానం ఉండాది. రేపు ఎవురూ మీ మీద కోర్టుకు పోలేరు."

కేకు కోసిన ఆయన నిజంగానే సంతకం పెట్టుంటే, మావాళ్లందర్నీ నా చేతులతో నేనే మళ్లా వంకలో పెట్టుందును. ఆయన పెట్టలేదు, ఈయన అడిగినదల్లా అడిగినాడు. మళ్లా మళ్లా నా అర్జీ వెనక్కి రావడమే మాకు జరిగిన మేలు. దాన్ని ఆపమని ఏడు శుక్రవారాలు కడుపు మాడ్చుకోని దేవుణ్ణి అడిగినాను నేను! ఏడుపొచ్చింది. సంఘం ముందర, మైకు పక్కన, వెక్కి వెక్కి ఏడ్చినాను. శేషాచలం గారు కంగారు పడి, "పొంగలి ఉండాదంట గదా, పెట్టించండి" అన్నాడు.

తిన్నాక అందురం మిట్టెక్కినాము. రాళ్లు పాతతాండంగానే మార్తమ్మ అవ్వ ఒక మూలకు పోయి, కొంగు పరుచుకోని, ఎల్లకిలా పడుకోనింది.

"అవ్వా, లెయ్! జనం సూస్తాండారు" అన్నాను.

"సూడనీ. ఈడ పడుకోవల్సిందాన్ని నేను, సూసుకోవద్దా?" అని కండ్లు మూసుకోనింది. "గాలి బాగుండాది. రాళ్లు గుచ్చుకోవు. నాకు ఈడే."

శేషాచలం గారు సర్వేయరు గొలుసు చూసి, గొంతు సవరించుకోని, "అవ్వా, రెండడుగులు ఈ పక్కకు జరుగు. అది గొడ్ల దావ" అన్నాడు.

అవ్వ లేవకుండానే రెండడుగులు దొర్లింది.

మిట్ట మీద

ఇది చదివి, అధికారం దేవుడు ఇచ్చిందే గాబట్టి నోరు మూసుకోని ఉండమంటాండాడని అనుకోబాకండి. ఆ బెంచీ మీద నేను కూసున్నది నోరు తెరిచేదానికే. అన్యాయం జరిగితే అడగల్ల, మళ్లా మళ్లా పోవల్ల, ప్యాంట్లు అరగల్ల. తప్పు చేసే అధికారులు లేరా? శానామంది ఉండారు, నేను చూసినాను. నేను చెప్పేది అది కాదు. ఏ మనిషి ద్వారా పని జరుగుతాదో మొహం చూసి చెప్పే తెలివి నాకు లేదు, మీకూ లేదు. నవ్వు మొహం చూసి రాజన్నాను, నవ్వని మొహం చూసి రాతిగుండె అన్నాను. రెండుసార్లూ మైకులోనే అన్నాను.

అవ్వ ఆ తర్వాత అయిదేండ్లు బతికింది. ప్రతి ఆదివారం ఏలేవాళ్ల ప్రార్థన వచ్చినప్పుడు, కొత్త తాసిల్దారు పేరు నేను చెప్పంగానే, కింద నుంచి "ఆ మోకాలాయన్ని మర్సిపోవద్దు దేవా" అని ఆమె గొంతు వినపడేది. పండగలకు శేషాచలం గారు ఫోను చేసినప్పుడు ఈ సంగతి చెప్పినాను.

కార్తీకం వానల్లో అవ్వ పోయింది. వంక పొంగి, నేను అడిగిన చదును మీద ఎర్రనీళ్లు మోకాలి లోతు పారతాండాయి. మిట్ట మీద మన్ను పైన తడి, లోపల పొడి. పెట్టె దించేటప్పటికి శేషాచలం గారు గూడూరు నుంచి వచ్చేసినాడు. గొడుగు పట్టుకోని, కుంటుకుంటా, మిట్టంతా ఎక్కినాడు. నామం వానకు కారిపోయుండాది. కింద ఆ నీళ్లను చూసినాడు, నన్ను చూసినాడు. వంగి పిడికెడు మన్ను వేసినాడు.

ముగింపు ప్రార్థనకు నేను నోరు తెరవబోతే, పక్కకొచ్చి మెల్లిగా అడిగినాడు: "ఈసారి నన్ను యాడికి పంపమంటారు పాస్టరుగారూ? నెలాఖరుకు రిటైరైపోతాండా, ఇంక పంపేదానికి ఊరు లేదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చినాయి. "మీరే చెప్పండి సార్, ఏమడగమంటారు?"

ఆయన అవ్వ మీద పడిన మన్ను వైపు చూసినాడు.

"మోకాలికి అడగండి" అన్నాడు. "ఇన్నేండ్లు అవ్వ అడగతా ఉండేది. రేపట్నించి ఆ పని చేసేవాళ్లు లేరు గదా."

నేను ఆ తడిమన్నులో మోకాళ్లేసి, పేరు పెట్టి అడిగినాను.